పత్రికారచనా విద్యయు మన విద్యార్థినిధియు

(వార్షిక మహాసభల సందర్భమున విద్యార్థి సమావేశమునందు చేసిన ఉపన్యాసము)



 నేను వక్తను కాను. ముప్పది సంవత్సరములకు పైగా పత్రికాలయములలో పనిచేసి, ఒరులు చేసిన ఉపన్యాసములను పది పంక్తులకు కుదించుటయే వృత్తిగా గలవాడను. అట్టివాడు తానే వేదిక నెక్కినప్పుడు కొంత జంకుట సహజము. నా మాటలలో పది పంక్తులైనను మీ మనస్సున నిలిచినయెడల నేను ధన్యుడనే.

మన విద్యార్థినిధి చేసిన మేలు మీరెల్లరు నెరిగినదే. మగ్గపు గుంటలో కాళ్లు దించుకొని బ్రతుకు వెళ్లబుచ్చిన తండ్రుల బిడ్డలు నేడు వైద్యులై, ఇంజనీర్లై, న్యాయవాదులై మన కన్నులయెదుట తిరుగుచున్నారు. అందులకు చందాలిచ్చిన పెద్దల ఋణము మనము తీర్చుకొనజాలము. ఐనను గడచిన సంవత్సరము జరిగిన యొక విషయమును మీకు మనవి చేయవలసియున్నది. ఒక బాలిక తాను విశ్వవిద్యాలయమున జర్నలిజము చదువగోరుచున్నాననియు, నిధినుండి సాయము చేయవలసినదనియు దరఖాస్తు పెట్టుకొనెను. మన నిధిసంఘమువారు ఎటును తేల్చలేక ఆ దరఖాస్తును వాయిదా వేసిరి. ఆ సమావేశమున నేనును ఉంటిని. అచ్చట మూడు ప్రశ్నలు పుట్టెను. పత్రికలో వ్రాయుటకు విశ్వవిద్యాలయపు చదువెందులకు? చదివినను ఆ వృత్తిలో కూడు దొరకునా? దొరకినను దానివలన మన సంఘమునకు ఒరుగునదేమి? ఆనాడు నేను తగిన సమాధానము చెప్పలేకపోతిని. ఈ దినమున ఆ బాకీని తీర్చుకొనుటకు నిలుచుంటిని.

మొదటి ప్రశ్నను తీసికొందము. తెలుగు పత్రికలను నిలువబెట్టిన మహనీయు లెవ్వరును జర్నలిజమున పట్టము పుచ్చుకొన్నవారు కారు. 1874లో వివేకవర్ధనిని స్థాపించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఉపాధ్యాయులు. 1908లో బొంబాయినగరమున ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో మద్రాసునందు దినపత్రికగా మార్చిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనము నమ్మి ధనమార్జించిన వర్తకులు. 1926లో హైదరాబాదున గోలకొండ పత్రికను నెలకొల్పిన సురవరం ప్రతాపరెడ్డిగారు న్యాయశాస్త్రము చదివినవారు. బందరు కృష్ణాపత్రికను 1907 మొదలు 1945లో దివంగతులగువరకు నడిపిన ముట్నూరి కృష్ణారావుగారి సంపాదకీయములకు ఏ విశ్వవిద్యాలయమును ఓనమాలు దిద్దింపలేదు. వీరికి లేని పట్టము మన పిల్లల కెందులకని యడుగుట న్యాయమైన ప్రశ్నయే.

దీనికి సమాధానము పత్రికారచనా విద్యాలయములను స్థాపించినవారి జీవితములలోనే కలదు. అమెరికాదేశమున మిస్సోరీ విశ్వవిద్యాలయమునందు 1908లో జర్నలిజము పాఠశాల ఏర్పడెను. ప్రపంచమున ఇట్టివానిలో ఇదియే మొదటిదని ప్రసిద్ధి. దానిని స్థాపించిన వాల్టరు విలియమ్సు కళాశాల గడప తొక్కినవాడు కాడు. చిన్న ఊరి ముద్రణాలయమున పనికుర్రవాడుగా చేరి, అచ్చు అక్షరములనుండి పత్రికను నేర్చి, సంపాదకుడైనవాడు. పాఠశాల తెరచిన దినముననే, అనగా 1908 సెప్టెంబరు 14వ తేదీనే, విద్యార్థులచేత నిజమైన పత్రికను అచ్చువేయించెను. ఈతకు చెరువు వలెనే ఈ విద్యకు పత్రికయే కావలెనని ఆయన యెరిగియుండెను.

అట్టిదే మరియొక చరిత్ర. జోసెఫు పులిట్జరు హంగేరీదేశమున 1847లో పుట్టి, 1864లో అమెరికా చేరి, ఆ దేశపు అంతర్యుద్ధమున సైనికుడై, పిమ్మట సెయింటు లూయీ పట్టణమున దొరకిన పనియెల్ల చేసి, 1868లో ఒక జర్మను భాషాపత్రికయందు విలేఖరిగా చేరెను. కాలక్రమమున గొప్ప పత్రికాధిపతి యయ్యెను. పోటీలో పడి సంచలన వార్తలు వ్రాయించెనన్న అపకీర్తియు ఆయనకు కలదు. ఆయన 1892లోనే కొలంబియా విశ్వవిద్యాలయమువారితో పత్రికా విద్యాలయమునకై సంప్రదించగా వారు అంగీకరింపలేదు. ఐనను ఆయన ఆ సంకల్పమును విడువలేదు. ఆయన 1911లో మరణించినపిమ్మట, ఆయన యిచ్చిన ఇరువది లక్షల డాలర్ల ధర్మముతో 1912లో ఆ విద్యాలయము తెరువబడెను.

ఈ యిరువురును చదువులేకయే పైకివచ్చినవారు. నాకు చదువు లేకున్నను జరిగినదిగదా, ఇతరుల కెందుకని వారు పలుకలేదు. తాము తప్పులు చేయుచు, దెబ్బలు తినుచు ఇరువది సంవత్సరములలో నేర్చినదానిని, తరువాతివారు రెండు సంవత్సరములలో నేర్చుకొనవలెనని తలంచిరి. రోగిపై చేయి చేసికొని వైద్యము నేర్చుకొనుమని మన మెవ్వరికిని చెప్పము. పరువు ప్రతిష్ఠలు, ఒక్కొక్కప్పుడు ప్రాణములును ఆధారపడియుండు వార్తను మాత్రము తప్పులు చేసి నేర్చుకొనుమని యేల చెప్పవలెను?

మన దేశమున ఈ విద్య ఆలస్యముగానే వచ్చినది. 1941లో లాహోరునందలి పంజాబు విశ్వవిద్యాలయమునందును, 1947లో మద్రాసు విశ్వవిద్యాలయమునందును జర్నలిజము బోధన ప్రారంభమయ్యెను. 1954లో మన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆ శాఖ ఏర్పడెను. కేంద్ర ప్రభుత్వమువారు 1965లో ఢిల్లీనగరమున ప్రత్యేకముగా ఒక సంస్థను స్థాపించిరి. కొన్ని పెద్ద తెలుగు పత్రికలు స్వంత శిక్షణాలయములను పెట్టుకొని ఎందరినో తీర్చిదిద్దినవి. ఆ శిక్షణ మంచిదే. కాని అది ఆ సంస్థ పనికి కావలసినంత నేర్పును. ఏ యజమానికిని కట్టుబడని విద్య కావలెనన్న విశ్వవిద్యాలయమునకే పోవలెను.

అచ్చట నేర్పునదేమి? ఎవరు, ఏమి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎట్లు అను ఆరు ప్రశ్నలు వేయుట మొదటి పాఠము. అది తేలికవలె కనబడును. కాని మన యింటి విషయమునే యొక ఉదాహరణముగా తీసికొందము. నేతవాడు చనిపోయెనన్న వార్తలలో మరమగ్గముపై పనిచేయు కూలివానిని చేనేతకారుడని వ్రాయుట నేను పలుమారులు చూచితిని. సిరిసిల్ల ప్రధానముగా మరమగ్గముల పట్టణము. పోచంపల్లి, గద్వాల, మంగళగిరి, వెంకటగిరి చేనేతకు పేరువడినవి. కొన్నిరకముల వస్త్రములను చేనేతకే ప్రత్యేకించుచు 1985లో పార్లమెంటు ఒక చట్టమునే చేసినది. ఒకరికి వర్తించు పథకము వేరొకరికి వర్తింపదు. ఒకరి కష్టమునకు కారణము వేరు, వేరొకరి కష్టమునకు కారణము వేరు. ఆ యొక్క మాట తప్పినచో వార్తయంతయు తప్పిపోవును. చనిపోయినవాని కుటుంబము ఏ కార్యాలయపు గడప తొక్కవలెనో తెలియక తిరుగును.

లెక్కలు రెండవ పాఠము. ఒక సంఘమున నిరుడు నూటికి నలుగురు అప్పు తీర్చలేదనియు, ఈ యేడు నూటికి ఆరుగురు తీర్చలేదనియు అనుకొందము. ఎగవేత నూటికి రెండు వంతున పెరిగినదని యొకడు వ్రాయవచ్చును. పూర్వముకంటె నూటికి ఏబది వంతున పెరిగినదని యింకొకడు వ్రాయవచ్చును. రెండును లెక్కకు సరియైనవే. మొదటివాడు అధ్యక్షుని మిత్రుడు, రెండవవాడు శత్రువు! నాలుగు ఆరైనదని యుభయ సంఖ్యలను పాఠకుని ముందుంచువాడే విలేఖరి.

మూడవది న్యాయశాస్త్రము. 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము ప్రకారము దరఖాస్తు పెట్టినవానికి సాధారణముగా ముప్పది దినములలో అధికారి సమాధాన మియ్యవలెను. ఏ కాగితము నడుగవలెనో తెలియనివానికి ఆ హక్కుండియు లేనట్లే. పరువునష్టమన నేమి, ప్రజాహితమునకై చెప్పిన సత్యమునకు చట్టమున గల రక్షణ యేమి, అత్యాచారమునకు గురియైనవారి పేరు ప్రకటించుట యెట్లు నేరమగును, ఇవి యెల్ల నేర్వనివాడు ఒకదినము అనవసరముగా భయపడును, మరియొకదినము అవివేకముతో సాహసించును.

పూర్వము ఈ పాఠములను పత్రికాలయమే నేర్పెడిది. క్రొత్తవాడు వ్రాసి తెచ్చినదానిని పెద్ద ఉపసంపాదకుడు ఎఱ్ఱసిరాతో కొట్టివేసి, ప్రక్కన కూర్చుండబెట్టుకొని కారణము చెప్పెడివాడు. నేను నేర్చినది ఆ ఎఱ్ఱసిరావలననే. ఇప్పుడు వార్త నిమిషములలో సెల్‌ఫోనున కెక్కవలెను. దిద్దువానికి తీరిక లేదు, దిద్దించుకొనువానికి ఓపిక లేదు. గురువును కార్యాలయమున వెదకుట కష్టమైనందుననే విద్యాలయమున వెదకవలసి వచ్చినది.

ఇంకొక మాట. పట్టము లేనిదే పత్రికలో పనిచేయరాదని మన దేశమున చట్టమేదియు లేదు. అది మంచిదే. కాని పట్టమక్కరలేని చోట పరిచయము కావలసివచ్చును. మేనమామ సంపాదకుడైనవానికి ద్వారము తెరచియే యుండును. మగ్గపు గుంటలోనుండి లేచివచ్చినవానికి మేనమామ యెవ్వడు? 1996లో బి.ఎన్. ఉనియాల్ అను పత్రికారచయిత, ఢిల్లీనగరమున దళితుడైన పత్రికారచయిత యెవ్వడైన కలడాయని వెదకి, ఒక్కడును కానరాలేదని ప్రకటించెను. డాక్టరు అంబేద్కరు 1920లోనే మూక్‌నాయక్ అను మరాఠీ పత్రికను స్థాపించినవారు. డెబ్బదియారు సంవత్సరములు గడచినపిమ్మట వచ్చిన సమాధానమిది! మనకంటె ఎక్కువగా వెనుకకు నెట్టబడినవారి గతి యిట్లుండెను. మనమును ఆ ద్వారమున చాలకాలము బయటనే నిలిచితిమి. పరిచయములు లేనివాడు లోపలి కేగుటకు విశ్వవిద్యాలయమొక మార్గము. ఏకైక మార్గమని నే నననుగాని, తిన్నని మార్గమని యనగలను.

రెండవ ప్రశ్న కూటిని గూర్చినది. ఇందు మీకు అసత్యము చెప్పజాలను. ఈ వృత్తిలో ధనము తక్కువ. మండలములలో పనిచేయు కంట్రిబ్యూటర్లలో పలువురికి వచ్చునది వారి పెట్రోలునకే చాలదు. పైగా ప్రకటనలు తెమ్మని ఒత్తిడి. ప్రకటన యిచ్చినవానిపై రేపు వార్త యెట్లు వ్రాయగలడు? 2009 ఎన్నికలనాడు ధనము పుచ్చుకొని అచ్చువేసిన వార్తలపై ప్రెస్ కౌన్సిలువారు ఇద్దరు సభ్యుల ఉపసంఘమును వేసిరి. అందొకరు తెలుగువారైన కె. శ్రీనివాసరెడ్డిగారు. ఆ నివేదికయందు పత్రికల పేర్లే యుండెను. కౌన్సిలు దానిని 2010లో సంపూర్ణముగా ప్రకటింపలేదు. కేంద్ర సమాచార కమిషను ఆదేశించినపిమ్మట 2011లో అది వెలువడెను. ఆకలిగొన్న విలేఖరియు, ఆశగొన్న యజమానియు కలిసినచోట ఏమగునో తెలియుటకు ఆ నివేదికయే చాలును. కావున ఈ విద్యకు పంపు పిల్లలను చదివించి విడిచినచో చాలదు. తొలి రెండు సంవత్సరములు వారు ఎవ్వరియొద్దను చేయిచాపకుండ నిలువగలుగునట్లు చూడవలెను.

ఇక మూడవ ప్రశ్న. మన సంఘమునకు ఒరుగునదేమి? దీనికి నా జీవితములోని యొక సంగతియే సమాధానము. ఇంతవరకు ఏ సభలోను నేను దీనిని చెప్పియుండలేదు.

అప్పుడు నాకు ఇరువదినాలుగేండ్లు. సముద్రతీరమున ఒక నేతగాండ్ర పట్టణములో విలేఖరిగా నుంటిని. ఒకనాటి సాయంకాలము కండెలు చుట్టి బ్రతుకు ఒక వృద్ధురాలు, గతించిన భర్త పాసుపుస్తకమును కొంగున కట్టుకొని నా గదికి వచ్చెను. నేతపనివారి కూలిలో రూపాయికి కొన్ని పైసల చొప్పున పట్టుకొని, సహకారసంఘమువారు త్రిఫ్టు ఖాతాలో వేయవలసియుండెను. పట్టుకొన్నట్లు సంఘపు చీటీలలో నుండెను. వేసినట్లు పాసుపుస్తకమున లేదు. పదిమంది పుస్తకములు తెప్పించి చూచితిని. అన్నియు నట్లే యుండెను.

సంఘాధ్యక్షుని యొద్దకు పోతిని. ఆయన మనవారు, నాకు మేనమామ వరుస. నన్ను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మంచినీళ్లిప్పించి, భుజముపై చేయివైచి యిట్లనెను: “అల్లుడూ, నూలు బాకీలు తీర్చటానికి వాడుకొన్నాము. సర్దుతాము. నువ్వు రాస్తే బ్యాంకువాడు అప్పు ఆపేస్తాడు, పదిమంది పొట్టలు కొట్టినవాడివి అవుతావు. అయినా మనవాడివి నువ్వే ఇట్లా రాస్తే, రేపు పరాయివాడు ఏం రాస్తాడు?”

నేను వ్రాయలేదు. పదునాలుగు మాసములకు ఆ సంఘము మూతపడెను. త్రిఫ్టు సొమ్ము ఎవ్వరికిని చేతికి రాలేదు. ఆ వృద్ధురాలు నాకు బజారులో ఎదురుపడి, “నీకు చెప్పాను గదా నాయనా, రాస్తే ఏమయ్యేది?” అని మాత్రమడిగి సాగిపోయెను. తిట్టియున్న బాగుండెడిది.

ఏమయ్యెడిదో నేనిప్పటికిని చెప్పలేను. సంఘము మరింత ముందుగా మూతపడియుండునేమో, సగము సొమ్మైనను దక్కియుండునేమో. కాని నేనేల వ్రాయలేదన్న దానిని ఎన్నియో రాత్రులు విచారించితిని. రెండు కారణములు కానవచ్చెను. ఒకటి అజ్ఞానము. ఆడిటు నివేదిక యెక్కడ దొరకునో, దానినెట్లు చదువవలెనో నాకు తెలియదు. వ్రాసినచో దావా వేసి చెరసాలకు పంపుదురేమో యని భయము. సత్యమునకు చట్టమిచ్చు రక్షణ నేనెరుగను. రెండవది “మనవాడివి” అన్న ఆ యొక్క మాట. ఆ మాటకు నా కలము లొంగినది.

మొదటి దోషమును విశ్వవిద్యాలయము తీర్చగలదు. రెండవదానిని ఏ విశ్వవిద్యాలయమును తీర్చలేదు. అది మీ చేతిలో నున్నది. మనవాడు పత్రికలో నున్నచో మన సభల ఛాయాపటములు పెద్దవిగా పడుననియు, మన తప్పులు అచ్చుకాకుండుననియు తలంచి సాయము చేయుదుమేని, ఆ సొమ్మును నిధిలో దాచుటయే మేలు. సంఘము పేరును కాపాడుట వేరు, సంఘములోని మనుష్యులను కాపాడుట వేరు. ఆ దినమున నేను పేరును కాపాడి మనుష్యులను విడిచితిని. నేతపని తెలిసినవాడు పత్రికలో నుండుటవలన మనకు కలుగు లాభము ఒక్కటే. మగ్గములో దారమెక్కడ తెగినదో వాడు ఇతరులకంటె ముందుగా చూడగలడు. చూచినదానిని చెప్పనీయనిచో వాడుండియు లేనట్లే.

కావున ఈ మహాసభకు మూడు మనవులు చేయుచున్నాను. విద్యార్థినిధినుండి ప్రతి సంవత్సరము ఇద్దరికి, అందొకరైనను బాలికయగునట్లు, విశ్వవిద్యాలయములలో జర్నలిజము చదువుటకు సాయము చేయవలెను. చదువు ముగిసినపిమ్మట రెండు సంవత్సరములు కొంత భృతి నియ్యవలెను. ఈ సాయమునకు వ్రాతమూలముగా గాని, నోటిమాటగా గాని ఎట్టి షరతును ఉండరాదు. వారు మన సంఘపు జమాఖర్చులను చూడగోరినను మొదట వారికే చూపవలెను. వాయిదాపడిన ఆ బాలిక దరఖాస్తును ఈ సభలు ముగియకముందే తేల్చవలెనని ప్రత్యేకముగా ప్రార్థించుచున్నాను. ప్రవేశపు గడువులు మన వాయిదాలకొరకు ఆగవు.

విద్యార్థులకును రెండు మాటలు. ముందుగా అర్థశాస్త్రమో, చరిత్రయో, న్యాయశాస్త్రమో, విజ్ఞానశాస్త్రమో ఒకదానిని పట్టుగా చదివి, పిమ్మట ఈ విద్యకు పొండు. వ్రాయుట వచ్చి, వ్రాయుటకు విషయము లేనివాని స్థితి దయనీయము. కళాశాలలో చేరుటకు ముందు అచ్చటి విద్యార్థులు నిజముగా ఒక పత్రికను నడుపుచున్నారా, పత్రికలలో పనిచేసిన ఉపాధ్యాయులు కలరా యని విచారింపుడు. తెలుగును చిన్నచూపు చూడకుడు, ఆంగ్లమునకు వెనుదీయకుడు. పాసుపుస్తకము తెచ్చి చూపినవారిని మాత్రము మరువకుడు.

నా మాటలు కొందరికి కటువుగా తోచియుండవచ్చును. మనవాడనను చనువుతోనే పలికితిని గనుక క్షమింతురుగాక.